మైకమ్మ నోరు విప్పని రోజు

ఆ బస్టాండుకు వచ్చిపోయే వాళ్ళందరికీ మైకమ్మ గొంతు తెలుసు, మొహం తెలీదు. టిక్కెట్ల కౌంటరు పక్కనున్న ఇనప మెట్లు ఎక్కితే అద్దాల గది. అందులో ఒక కుర్చీ, ఒక బల్ల, నెత్తిన స్పాంజి టోపీ పెట్టుకున్న మైకు, ఫ్లాస్కులో వేడినీళ్ళు. మైకు నొక్కే ముందు టేబుల్ ఫ్యాను ఆపాలి. ఆపకపోతే బయల్దేరేది బస్సో విమానమో కింద వినేవాళ్ళకి అర్థం కాదు. ఆ గదిలో కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదకి వస్తోందో, ఎవరి సంచీ క్యాంటీన్లో మిగిలిపోయిందో, ఎర్ర చొక్కా తొడుక్కున్న ఏ పిల్లవాడు వాళ్ళమ్మ కోసం ఏడుస్తున్నాడో ఊరందరికీ చెప్పడం ఆవిడ పని. పెదవి దాటితే పృథివి దాటుతుందని సామెత. మైకమ్మకు దాని మీదే జీతం.

ఇంటికొచ్చాక మైకు ఉండదు గానీ తేడా ఏమీ కనపడదు. నోట్లో నువ్వుగింజ నానదు. చుట్టాల్లో ఎవరికైనా ఒక కబురు నలుగురికీ చేరాలనుంటే, "నీకొక్కదానికే చెప్తున్నానే" అని మైకమ్మ చెవిలో వేస్తారు. సాయంత్రానికి పని అయిపోతుంది. ఆ పేరు పెట్టింది కూడా చుట్టాలే. అన్నం వడ్డిస్తూ మాట్లాడుతుంది, బట్టలు మడతపెడుతూ మాట్లాడుతుంది, ఎవరూ లేకపోతే చింతపండు పిసుకుతూ చింతపండుతో మాట్లాడుతుంది. నీళ్ళ సరఫరా ఆఫీసులో పనిచేసే భర్త చాలా ఏళ్ళ కిందటే ఒక ఉపాయం కనిపెట్టాడు. ప్రతి మూడో వాక్యానికీ "ఊఁ" అనడం. ఆ "ఊఁ"లను నమ్మి ఆవిడ కొన్న వస్తువులు ఇంట్లో చాలానే ఉన్నాయి.

వానలు వెనకబట్టి చలి మొదలవుతున్న రోజుల్లో ఆ గొంతుకు దిష్టి తగిలింది. మొదట బొంగురుపోయింది. తర్వాత గరగరమంది. ఒకరోజు పొద్దున్న మైకు నొక్కి "ప్రయాణికులకు విజ్ఞప్తి" అనబోతే "ఫ్స్స్" అని వచ్చింది. కింద ఒక డ్రైవరు తన బస్సు టైర్లో గాలి పోతోందనుకుని దిగి చూశాడు.

గొంతు డాక్టరు నోట్లోకి లైటు వేసి చూసి, లోపల తీగలు వాచాయన్నాడు. "పక్షం రోజులు ఒక్క మాట మాట్లాడకూడదు. గుసగుసలు కూడా వద్దు. అవి ఇంకా చెరుపు."

మైకమ్మ ఏదో అడగబోయింది. డాక్టరు పెదవుల మీద వేలు పెట్టుకుని చూపించాడు. ఆవిడ భర్త కుర్చీ కొంచెం ముందుకు జరుపుకున్నాడు.

"పక్షం సరిపోతుందంటారా డాక్టరుగారూ? మాకేం తొందర లేదు. కావాలంటే నెల చూద్దాం."

మైకమ్మ చూసిన చూపుకి తీగలతో పని లేదు.

దారిలో ఆయన ఒక పలకా, బలపాల పెట్టే కొనిచ్చాడు. ఆ రాత్రి నుంచి ఇల్లు మారిపోయింది. ఫ్రిజ్ మూలుగుతుందని ఇంట్లోవాళ్ళకి అప్పుడే తెలిసింది. పెరట్లో కొళాయి ఎన్నాళ్ళనుంచి కారుతోందో గానీ ఆ చుక్కల చప్పుడు అప్పుడే వినపడింది. నీళ్ళ సరఫరా ఆఫీసులో పనిచేస్తూ ఇదేం పరువుతక్కువని ఆయన మర్నాడే బాగుచేయించాడు. ఇల్లు ఎంత హాయిగా ఉందో పైకి అనలేదు పాపం. కానీ కూనిరాగాలు తీస్తున్నాడు.

మైకమ్మకు మాత్రం కడుపు ఉబ్బిపోతోంది. పలక మీద రాసేలోపు ఎదుటివాళ్ళు లేచి వెళ్ళిపోతున్నారు. మంచి చురుకైన జవాబు తట్టి, వెతికి బలపం పట్టుకుని, సగం రాసేసరికి గొడవే చల్లారిపోతోంది. చల్లారిన గొడవకి జవాబు చూపిస్తే ఎవరికి రుచిస్తుంది?

అలా ఉండగా శనివారం సాయంత్రం మరిది వచ్చాడు.

మరిది గడియారాలు బాగుచేస్తాడు. రెండు బట్టల కొట్ల మధ్య బీరువా అంత వెడల్పున్న షాపు. పొద్దుటినుంచి కంటికి భూతద్దం బిగించుకుని, చీమ తలకాయంత మరలను సన్నటి పట్టకారుతో పట్టుకుని కూర్చుంటాడు. వదిన రోజుకి ఎన్ని మాటలు మాట్లాడుతుందో, ఆయన ఏడాదికి అన్ని మాట్లాడతాడు. వెనకటికి సంబంధాలు చూసిన రోజుల్లో ఒక అమ్మాయి ఇంటివాళ్ళు, "అబ్బాయి బుద్ధిమంతుడే గానీ, పుట్టుకతోనే మాట లేదా?" అని కబురు పెట్టారు. అప్పటినుంచి పెళ్ళి ఊసు ఆయనా ఎత్తలేదు, ఇంట్లోవాళ్ళూ ఎత్తలేదు. చూస్తుండగానే చెవుల పక్కన వెంట్రుకలు నెరిశాయి.

ఆయనకున్న పిచ్చి ఒక్కటే. పిట్టలు. ఆదివారాలు దుర్భిణి మెడలో వేసుకుని పొలాల వెంట పోతాడు. చలి మొదట్లో దూరదేశాల పిట్టలు గుంపులు గుంపులుగా దిగుతాయని, కొన్ని ఆగుతాయని, కొన్ని మేత మేసి ఇంకా కిందికి పోతాయని, ఆ కాసిని వారాలూ ఆయనకు నేల మీద కాలు నిలవదు. మైకమ్మ ప్రతి ఏడూ, "నన్నూ తీసికెళ్ళవోయ్" అని అడిగేది. "పిట్టలు ఎగిరిపోతాయి వదినా" అనేవాడు. ఆయన ఏడాది మాటల్లో అది ఒకటి.

ఈసారి తనంతట తానే అడిగాడు. "రేపు వస్తావా వదినా?"

మైకమ్మ పలక మీద టకటకా రాసి మొహం ముందు పెట్టింది: "పిట్టలు ఎగిరిపోవూ?"

మరిది నవ్వి, బూట్లు వేసుకురమ్మన్నాడు.

తెల్లవారకముందే ఒక పాత జీపు వీధి చివర ఆగింది. నడుపుతున్నది డ్రిల్లు మాస్టారు. రిటైరై చాలా కాలమైనా మెడలో ఈల తీయలేదు. పిట్టలు చూసే ఈ చిన్న బృందానికి ఆయనే పెద్ద. వెనక సీట్లో మందులావిడ కూర్చుంది. ఆస్పత్రి ఎదురుగా మందుల షాపు నడుపుతుంది. వయసు మరిదికి కాస్త అటూ ఇటూ. మనిషి నెమ్మది. ఎవరో ఎప్పుడో అడిగితే, "పెళ్ళి చేసుకునే తీరిక దొరకలేదండీ, షాపుకి ఆదివారం కూడా సగం రోజే సెలవు" అందట. మరిది ఎక్కి ఆవిడ పక్కన కూర్చుని, కిటికీలోంచి చీకట్లోకి చూడటం మొదలుపెట్టాడు. ఆవిడ రెండో కిటికీలోంచి చూసింది. ముందు సీట్లోంచి అద్దంలో ఇద్దర్నీ చూసిన మైకమ్మ, ఇదేం స్నేహమమ్మా, బస్సులో పక్క సీటు ప్రయాణికులు కూడా ఇంతకంటే మాట్లాడుకుంటారు, అనుకుంది. అనుకోవడం తప్ప చేసేదేముంది!

"చూడమ్మా," అన్నాడు డ్రిల్లు మాస్టారు గేరు మారుస్తూ. "అక్కడ మూడు నియమాలు. మాట్లాడకూడదు, చప్పుడు చేయకూడదు, చేతులు ఊపకూడదు. మీకు మొదటిదానితో ఇబ్బంది లేదని విన్నాను. సంతోషం."

పొలాల్లోకి దిగేసరికి తూర్పు తెల్లబడింది. మొక్కజొన్న కోతలు చాలావరకు అయిపోయాయి. మోకాలెత్తు మోళ్ళు వరసలు వరసలుగా, వాటి మధ్య మంచు తెల్లటి దుప్పటిలా పరుచుకుని ఉంది. కరెంటు తీగల మీద వానకోయిలలు ఒకదానికొకటి ఆనుకుని కూర్చున్నాయి. టిక్కెట్టు కొనుక్కుని బస్సు కోసం చూస్తున్నట్టే ఉన్నాయని మైకమ్మకు అనిపించింది. కాలవ గట్టున పసుపు పొట్ట పిట్ట ఒకటి తోక పైకీ కిందికీ ఆడిస్తూ పరుగెడుతోంది. మరిది దుర్భిణి తీసి వదిన కళ్ళకి పెట్టి, చక్రం తిప్పి సరిచేశాడు. అంతే, ఆ పిట్ట ముక్కు ముందుకొచ్చి నిలబడింది. దాని కాలి మీద మట్టి చుక్క కూడా కనపడుతోంది.

మైకమ్మ ఒళ్ళు పులకరించింది. ఇంత మంచి సంగతి ఎవరికీ చెప్పకుండా ఎలా ఉంటారు మనుషులు? చంకలోంచి పలక తీసింది. "దీని పేరేమిటి?" అని రాయబోయి బలపం గట్టిగా నొక్కింది.

కిర్ర్ర్ర్.

కాళ్ళ దగ్గర గడ్డిలోంచి పూరేడు పిట్టలు టపటపమంటూ బాంబుల్లా లేచాయి. వాటిని చూసి పసుపు పొట్ట పిట్ట పోయింది. తీగల మీది వానకోయిలలు ఒక్కసారిగా లేచి పొలం అవతలికి పోయాయి. అక్కడున్నట్టే ఎవరికీ తెలియని ఒక గద్ద కూడా మోళ్ళలోంచి లేచి, వీళ్ళకేసి ఒక చూపు చూసి వెళ్ళిపోయింది.

డ్రిల్లు మాస్టారు వెనక్కి తిరిగాడు. చెయ్యి చాపాడు. మైకమ్మ బడిలో దొరికిపోయిన పిల్లలా పలక ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని జీపు సీటు కింద తోసి వచ్చి, దూరంగా ఉన్న మోటారు గదిని చూపించాడు. అక్కడ కూర్చోమని అర్థం. మరిది జాలిగా చూశాడు గానీ, మాస్టారి మాటకి ఎదురు చెప్పాలంటే ముందు నోరు తెరవాలి.

మోటారు గది గోడకానుకుని మైకమ్మ కుక్కిన పేనులా కూర్చుంది. మాట లేదు, పలకా లేదు. ముగ్గురూ నడుములు వంచుకుని గట్టు వెంట పోతుంటే, పోగొట్టుకున్న దుద్దు వెతుకుతున్నట్టున్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నవ్వూ వచ్చింది. రెండూ చప్పుడు లేకుండానే కానిచ్చింది.

అప్పుడు గది వెనకనుంచి ఒక గొంతు వినపడింది. గొంతు ముందొచ్చింది, మనిషి తర్వాత వచ్చింది.

"ఎవరూ? పిట్టల వాళ్ళ తాలూకా? ప్రతి ఏడూ వస్తారు, ఒక్కళ్ళూ మాట్లాడరు, నాకు ఒళ్ళు మంట. మా పొలంలో నడుస్తారు, 'బాగున్నారా' అంటే పెదవి మీద వేలు పెట్టి 'ష్' అంటారు. నా పొలంలో నన్నే 'ష్' అంటారా? నువ్వు వాళ్ళ మనిషివి కాదులే, మొహం చూస్తే తెలుస్తోంది. ఇదిగో, ఈ పీట మీద కూర్చో, కింద తడిగా ఉంది."

ఆవిడ పొలం యజమానురాలు. తలకి తువ్వాలు చుట్టుకుని, మగవాళ్ళ పెద్ద చొక్కా తొడుక్కుని, చేతిలో బకెట్టుతో ఉంది. కోత యంత్రం వదిలేసిన మొక్కజొన్న కంకులు ఏరుకుంటోంది. మైకమ్మ గొంతు చూపించి, చెయ్యి అడ్డంగా ఊపింది.

"గొంతు పోయిందా? అయ్యో. పోతే పోయిందిలే, నాకు వినేవాళ్ళు చాలు. మా ఆయన చెవిటి మాలోకం. ట్రాక్టరు నడిపీ నడిపీ అలా అయ్యాడు. నా మాటలు విని అయ్యాడని ఆయనంటాడు."

చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. రైతమ్మ బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుని మొదలుపెట్టింది. ఆడపడుచు మోకాలి నొప్పి, కోత యంత్రం వాడి పొగరు, పక్క పొలం వాళ్ళ కుక్కకి పుట్టిన పిల్లలు ఎవరి పోలికో, అన్నీ చెప్పింది. ఊపిరి ఎప్పుడు తీసుకుంటోందో కనిపెట్టడానికి మైకమ్మ చాలా ప్రయత్నించింది. తన విద్యలో తనని మించిన వాళ్ళని ఆవిడ అప్పటివరకూ చూడలేదు. మొదట అసూయ పుట్టింది. మధ్యలో అందించాల్సిన మాటలు నాలుక చివరిదాకా వచ్చి కొట్టుకున్నాయి. పోనుపోను భర్త గుర్తొచ్చాడు. ఆయన మీద మొదటిసారి కొంచెం జాలి కలిగింది.

"మొన్న బస్టాండుకి పోయాను," అంది రైతమ్మ. "అక్కడ మైకులో ఒకావిడ ఉంటుంది చూడు. అబ్బ, ఆవిడ సాగదీత! 'ప్రయాణికులకూఊఊ విజ్ఞప్తీఈఈ. నాలుగో నంబరూఊఊ...' ఆవిడ ముగించేలోపు బస్సు పోయింది. బంకలా ఆ సాగదీత ఏమిటి? టకటకా చెప్పొచ్చుగా?"

అనుకరణ ఎంత అచ్చంగా ఉందంటే, మైకమ్మకు తన మైకు ముందు తానే కూర్చున్నట్టుంది. కోపం తెచ్చుకుందామని చూసింది. రాలేదు. పొట్ట పట్టుకుని, నోరు తెరిచి, శబ్దం లేకుండా నవ్వింది. ఆ నవ్వు చూసి రైతమ్మకి హుషారొచ్చి, మిగతా ప్లాట్‌ఫారాలన్నీ చేసి చూపించింది.

ఆ నవ్వులో ఉండగానే మైకమ్మకు ఆకాశంలో ఏదో వినపడింది. చాలా ఎత్తులో, పాత తలుపు మెల్లగా తెరుస్తున్నట్టు, "కుర్ర్, కుర్ర్" అని. తలెత్తింది. ముందు ఏమీ లేదు. తర్వాత ఒక గీత. గీత వంగి బాణమైంది. బాణం విడిపోయి బారులైంది.

"వచ్చారు మా చుట్టాలు!" అంది రైతమ్మ.

క్రౌంచ పక్షులు, ఊళ్ళో వాళ్ళ మాటలో పెద్ద కొంగలు. బూడిద రంగు ఒళ్ళు, నల్లటి మెడలు, వెనక్కి చాపిన పొడుగాటి కాళ్ళు. చుట్టూ తిరిగి తిరిగి, రెక్కలు బిగబట్టి, కాళ్ళు ముందుకి వేలాడేసి ఒకదాని తర్వాత ఒకటి పొలం మధ్యలో దిగాయి. ఒక్కోటి మనిషి భుజం దాకా వస్తుంది. మైకమ్మ జీవితంలో ఎన్నో రాకలు చెప్పింది. ఇంత ఠీవిగా ఏదీ రావడం చూడలేదు. కొంచెంసేపు ఎవరికీ చెప్పాలనే అనిపించలేదు. అది ఆవిడకి కొత్త.

అటు గట్టు వెనక డ్రిల్లు మాస్టారి బృందానికి ప్రాణాలు లేచొచ్చాయి. ముగ్గురూ బోర్లా పడుకుని మోచేతుల మీద పాకడం మొదలుపెట్టారు. మాస్టారు ముందు, మరిది వెనక, మందులావిడ ఆ వెనక. వాళ్ళు పాకినంత మేర కొంగలు మెడలెత్తి, ఒకదానికొకటి ఏదో చెప్పుకుని, అంతే దూరం పక్కకి జరిగాయి. వీళ్ళు మళ్ళీ పాకారు. అవి మళ్ళీ జరిగాయి. మాస్టారి తెల్ల ప్యాంటు బురదకి నల్లగా మారింది.

"చూశావా అక్కా ఆ తెలివి!" రైతమ్మ నవ్వింది. "చప్పుడు చేయకుండా పాక్కుంటూ వచ్చేది ఎవరు? నక్క. అవి భయపడవా మరి? నేను రోజూ వాగుతూ వాటి మధ్య కంకులు ఏరుకుంటాను, నన్ను చూసి తల కూడా ఎత్తవు. వాగేది ఎక్కడుందో తెలుస్తూనే ఉంటుందిగా! రా, చూపిస్తాను."

మైకమ్మ చెయ్యి పట్టుకుని లేపి, మాట ఆపకుండా పొలంలోకి నడిచింది. దారిలో బురదలో పడుకున్న ముగ్గుర్నీ చూసి, "లేవండి లేవండి, జలుబు చేస్తుంది. నా వెనక రండి. కానీ ఒక షరతు. మాట్లాడుతూ రావాలి. ఆపారంటే పోతాయి" అంది.

డ్రిల్లు మాస్టారు బురద మొహంతో తలెత్తాడు. "మాట్లాడాలా?"

"ఏదో ఒకటి. ఒకే స్థాయిలో. అరవకండి, ఆపకండి."

మాస్టారి మూడు నియమాలూ అక్కడే నేలలో కలిశాయి. పైగా మాట్లాడమంటే ఆయనకేమీ తోచలేదు. చివరికి అలవాటైనదే వచ్చింది. "ఎడమ... కుడి... ఎడమ... కుడి..." అంటూ మెల్లగా మొదలుపెట్టాడు. తెలియకుండానే అందరి అడుగులూ దానికి కలిశాయి. మందులావిడ గొంతు సవరించుకుని, "తెల్లది పొద్దున్న తిన్నాక, పచ్చది రాత్రి తినకముందు, సీసా బాగా కుదిపి రెండు చెంచాలు..." అని అందుకుంది. రైతమ్మ ఆడపడుచు మోకాలి దగ్గర ఆపిన కథ మళ్ళీ ఎత్తుకుంది. అలా ఒక మాటల ఊరేగింపు మొక్కజొన్న మోళ్ళ మధ్య కదిలింది. విచిత్రం చూడండి, కొంగలు ఒకసారి తలెత్తి చూసి, మళ్ళీ గింజల మీద పడ్డాయి.

"ఏమయ్యా, నువ్వు మాట్లాడవే?" అంది రైతమ్మ మరిదితో.

మరిది నోరు తెరిచాడు, మూశాడు. చేతి గడియారం చూసుకున్నాడు. "ఇప్పుడు... టైము... తొమ్మిదిన్నర," అన్నాడు.

"అదీ ఒక మాటేనా? ఇంకా!"

"ఈవిడ మా వదిన. బస్టాండులో... మైకులో చెప్పేది ఈవిడే."

మైకమ్మ మరిది మోచేతిని గిల్లింది. రైతమ్మ ఒక్క అడుగు తడబడింది గానీ మాట తడబడలేదు. "నువ్వా! ఇందాకనుంచి నవ్వుతూ విన్నావా? అయితే నీకింకా చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. ఆ మరుగుదొడ్ల దగ్గర స్పీకరు ఒకటి పనిచేయదు, తెలుసా?" అని ఫిర్యాదులు మొదలుపెట్టింది.

కొంగలు ఇప్పుడు రాయి విసిరితే తగిలేంత దగ్గరున్నాయి. వాటి ఎర్రటి కళ్ళు దుర్భిణి లేకుండానే కనపడుతున్నాయి. మరిది వాటినే చూస్తూ నడుస్తున్నాడు. ఆనకట్టకి పడ్డ చిన్న బీటలోంచి ముందు చుక్కలు, తర్వాత ధార వచ్చినట్టు, మాటలు వాటంతటవే రాసాగాయి. గడియారాల గురించి చెప్పాడు. కొన్ని దుమ్ముకి ఆగుతాయని, కొన్ని తడికి ఆగుతాయని. గోడ గడియారం మేకుకి వంకరగా వేలాడితే వెనకబడుతుందని. ఆ ఊపులోనే, గొంతు పెంచకుండా తగ్గించకుండా, ఇంకో మాట కూడా అనేశాడు.

"మందులావిడ వాచీ ఉంది చూడండి, కీ ఇచ్చే వాచీ. ఆగిపోయిందని ప్రతి రెండు నెలలకీ తెస్తారు. వారం పడుతుందంటాను. దానికి ఏ జబ్బూ లేదు. ఎప్పుడూ లేదు. ఆ వారం రోజులూ నా బల్ల మీద ఉంటుందని ఉంచుకుంటాను. ఇచ్చేటప్పుడు ఒక మాట అడుగుదామనుకుంటాను. నాతో ఉండిపోతారా అని. ఎన్నేళ్ళనుంచో అనుకుంటున్నాను. అడగలేక వాచీ ఇచ్చి పంపిస్తాను."

"ఎడమ..." అన్న మాస్టారు కుడి మరిచిపోయాడు. మందులావిడ రెండు చెంచాల దగ్గర ఆగిపోయింది. పుట్టి బుద్ధెరిగాక మెలకువలో నోరు మూయని రైతమ్మ, నోరు తెరుచుకునే ఉండి, మూగబోయింది. పొలమంతా నిశ్శబ్దం.

కొంగలన్నీ ఒక్కసారి మెడలెత్తాయి.

ఆ వెంటనే నేల లేచినట్టు లేచాయి. ఎన్ని రెక్కలో, ఎంత గాలో! మైకమ్మ కొంగు మొహానికి చుట్టుకుంది. ఆకాశం నిండా కేకలు. ఆ గోలలో మందులావిడ మరిదికేసి తిరిగి ఏదో చెప్పడం అందరికీ కనిపించింది. వినిపించింది మాత్రం ఇద్దరికే. ఒకరు మరిది. రెండోది ఆయన పక్కనే నిలబడ్డ మైకమ్మ.

"నాకు తెలుసు. నేనే కీ తిప్పకుండా తెచ్చేదాన్ని," అంది మందులావిడ. "మందుల షాపు నడిపేదాన్ని, జబ్బేదో నాటకమేదో నాకు తెలీదా? ఉంటాను. అడిగారుగా, ఉంటాను."

కొంగల కేకలు పల్చబడ్డాయి. మరిది కళ్ళు తుడుచుకుంటున్నాడు, గాలికి దుమ్ము పడినట్టు. రైతమ్మ పరుగున వచ్చి మైకమ్మ భుజాలు పట్టుకుని కుదిపేసింది.

"ఏమందక్కా? ఏమంది? పక్కనే ఉన్నావుగా, చెప్పు! ఉంటానందా, ఉండనందా?"

మైకమ్మ తన గొంతు చూపించింది. చెయ్యి అడ్డంగా ఊపింది. తలూపి 'అవును' అనొచ్చు, అంత మాత్రం డాక్టరు వద్దనలేదు. ఊపలేదు. జన్మకో శివరాత్రి అన్నట్టు, ఒక కబురు తన ఒక్కదాని దగ్గరే ఉంది. ఆ రుచి ఎలా ఉంటుందో చూద్దామనిపించింది. రైతమ్మ తల పట్టుకుని బకెట్టు కోసం వెళ్ళింది. పాపం, చూస్తుంటే జాలేసి, ఆ ఇద్దరూ గట్టు మీద పక్కపక్కనే కూర్చున్న వైపు మైకమ్మ గడ్డంతో చూపించింది. "ఆహా!" అని రైతమ్మ అరిచిన అరుపుకి, తిరిగొస్తున్న వానకోయిలలు మళ్ళీ వెనక్కి పోయాయి. ఆ తర్వాత ఆ జంటని వదలకుండా, ఇంట్లోంచి టీ తెప్పించి, ఎవరు ముందు చూశారు, ఎప్పుడు చూశారు అని గుచ్చి గుచ్చి అడిగింది. మరిది రోజుకి సరిపడా మాటలు అయిపోయి చేతులెత్తేశాడు. అన్నిటికీ మందులావిడే జవాబు చెప్పింది.

తిరుగు ప్రయాణంలో మరిది ముందు సీటు వైపు వంగాడు. "వదినా, అన్నయ్యకి నేనే చెప్తాను. అప్పటిదాకా..."

మైకమ్మ తలూపింది. ఊపాక తెలిసింది, ఎంత పెద్ద మాట ఇచ్చిందో.

ఇంట్లో భర్త అడిగాడు. "ఏం చూశావు?" పలక మీద "కొంగలు" అని రాసి చూపించింది. అంతకంటే రాస్తే చెయ్యి ఆగదని బలపం పెట్టెలో పెట్టేసింది. పక్షం గడిచింది. డాక్టరు మళ్ళీ లైటు వేసి చూసి, ఇక మెల్లగా మాట్లాడొచ్చన్నాడు. అది ఇంకా కష్టమైంది. గొంతు లేనప్పుడు దాచడం ఒక ఎత్తు, గొంతొచ్చాక దాచడం ఇంకో ఎత్తు. అద్దాల గదిలో మైకు నొక్కినప్పుడల్లా, ఎక్కడ బస్సు పేరుకి బదులు మరిది సంగతి వచ్చేస్తుందోనని నాలుక కరుచుకునేది. మరిది ఒక ఆదివారం వచ్చి, అన్నగారి ఎదురుగా చాలాసేపు కూర్చుని, టీ తాగి, గోడ గడియారం సరిచేసి వెళ్ళిపోయాడు. ఇంకో ఆదివారం కూడా అంతే. గడియారం మాత్రం భేషుగ్గా నడుస్తోంది.

చివరికి మందులావిడే ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చింది. కుర్చీలో కూర్చుని, "బావగారూ, మేమిద్దరం పెళ్ళి చేసుకుంటున్నాం. ఈయన చెప్పేసరికి ఏడాది పట్టేలా ఉందని నేనొచ్చాను" అంది.

మైకమ్మ భర్త ఉలిక్కిపడి, తేరుకుని, తమ్ముణ్ణి కావలించుకున్నాడు. తర్వాత సంతోషంగా భార్యకేసి తిరిగాడు. ఈ కబురు విని ఆవిడ ఎగిరి గంతేస్తుందనుకున్నాడు. ఆవిడ తీరిగ్గా పళ్ళెంలో బిస్కట్లు సర్దుతోంది.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు. పొలంలోనే విన్నాను."

"తెలిసి... ఎవరికీ చెప్పలేదా?"

"లేదు."

ఆయన దగ్గరికొచ్చి, అందరూ చూస్తుండగా, ఆవిడ నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. జ్వరం లేదు.

"నేను చెప్పనివి ఇంకా ఎన్ని ఉన్నాయో మీకేం తెలుసు?" అంది మైకమ్మ, బిస్కట్ల పళ్ళెం మందులావిడ చేతికిస్తూ.

నిజానికి ఇంకేమీ లేవు. కానీ ఆ మాట అన్నది మొదలు, ఆయన "ఊఁ" అనడం మానేసి ఆవిడ చెప్పేదంతా శ్రద్ధగా వింటున్నాడు.